చింత కాయని ఏడాది

ఫాల్గుణం వచ్చిందంటే కొరాపుట్ కొండల్లోని లక్ష్మీపూర్‌లో షావుకారు ఢిల్లీశ్వరరావు ఇంట్లో కాలు పెట్టడానికి చోటుండదు. వీధి అరుగు మొదలుకొని పెరటి నుయ్యి దాకా చింతపండే. కొండల మీంచి కావిళ్లలోనూ నెత్తి మీది బుట్టల్లోనూ సంతకు దిగిన కాయ, సంత నుంచి నేరుగా ఈ ఇంటికి చేరుతుంది. పెంకు ఒలవాలి, ఈనెలు లాగాలి, చెక్కసుత్తితో కొట్టి పిక్క తీయాలి, మేడ మీద ఎండబెట్టాలి, ఉప్పు జల్లి అడ్డాకులు పరిచిన గంపల్లో కుక్కాలి. ఈ పనికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆడవాళ్లు వస్తారు. వాళ్ల మధ్య పీట వేసుకుని, ఎక్కడ పిక్క మిగిలిందో, ఏ గంపకు ఉప్పు చాలలేదో చూడవలసింది ఇంటికోడలు. గుమస్తాను కూర్చోబెడితే సరిపోదా అంటే సరిపోదు. మగవాడు కూర్చుంటే ఆడవాళ్లు నోరు విప్పరు, నోరు ఆడకపోతే చెయ్యి ఆడదు. ఇది అత్తగారు సూర్యకాంతమ్మ సిద్ధాంతం. ఆవిడకు ఆవిడ అత్తగారు చెప్పింది.

ఆ ఇంటికోడలు, ఢిల్లీశ్వరరావు భార్య, రామతులసి. తొంభై ఒకటిలో కాపురానికి వచ్చింది. అప్పటినుంచి ప్రతి వసంతంలోనూ ఆమె వేళ్లు నల్లబడి, గోళ్ల సందులు పులుపుకు ఒరిసి ఉండేవి. ప్రతి వసంతంలోనూ ఆమెకు కావలసింది ఒక్కటే: సోంపేట అవతల సముద్రపు ఒడ్డున ఉన్న తన కన్నవారి ఊరు తుంగపేటకు వెళ్లి, అక్కడి బీల మీంచి పక్షులు లేచిపోయే సాయంత్రాన్ని చూడటం.

బీల అంటే చెరువూ కాదు, పొలమూ కాదు. వానలకు నిండి, ఏడాదిలో ఎక్కువ కాలం మోకాలి లోతు నీళ్లతో, తుంగతో, తామరతో, నత్తలతో పడి ఉండే పల్లపు నేల. కార్తీకంలో ఎక్కడెక్కడి బాతులో వేలకు వేలు దిగి దాన్ని నల్లగా కప్పేస్తాయి. చైత్రంలో ఎండ ముదిరి దక్షిణపు గాలి తిరిగాక, ఒక సాయంత్రం ఉన్నట్టుండి లేచి ఉత్తరానికి వెళ్లిపోతాయి. ఏ సాయంత్రమన్నది వాటికే తెలియాలి.

తుంగపేట వాళ్లు ఆ బాతుల్ని ఆడపడుచులంటారు. పురిటికి కన్నోరింటికి వచ్చాయనీ, వసంతంలో పిల్లాపాపలతో అత్తోరింటికి వెళ్తాయనీ చెప్పుకుంటారు. పక్షిని ఆడపడుచు అనుకోవడం తేలికే. పక్షి అలగదు, పండక్కి చీర పెట్టలేదని దెప్పదు, పొలంలో వాటా అడగదు. ఆ తేలికైన ఆడపడుచులకు ఊరు ఏటేటా సారె కూడా పెడుతుంది. బాతులు నీళ్ల మీద గుంపులు గుంపులుగా లేచి, చుట్టు తిరిగి, మళ్లీ దిగడం మొదలెట్టాయంటే ప్రయాణం దగ్గర పడ్డట్టు. ఆ సాయంత్రాల్లో చేటలో పసుపు, కుంకుమ, చలిమిడి, పేలాలు పెట్టుకుని ఆడవాళ్లు బీల గట్టు మీదికి వెళ్తారు. పక్షులు లేచిన క్షణాన పేలాలు నీళ్లలో జల్లుతారు.

చేట పట్టడానికి రెండు నియమాలు. పట్టేది ఆ ఊళ్లో పుట్టి, పెళ్లయిన ముత్తయిదువ కావాలి. పట్టినామె పక్షులు కనుమరుగయ్యే దాకా తల ఎత్తకూడదు. ఆడపిల్ల బండి కదిలేటప్పుడు కన్నవాళ్లు చూస్తే పిల్లకు కాలు సాగదట.

మొదటి నియమంలో ఒక చిక్కుంది. తుంగపేట షావుకార్లు తమ పిల్లల్ని రెండు తరాలుగా ఇస్తున్నది కొండమీది ఊళ్లకే: రాయగడకు, గుణుపూర్‌కు, లక్ష్మీపూర్‌కు, బోరిగుమ్మకు. వర్తకమున్న ఇళ్లు కదా. ఆ ఊళ్లలో వసంతమంటే చింతపండు, ఇప్పపువ్వు, కొండచీపుర్లు. పెళ్లి కాని పిల్లకు చేట పట్టే అర్హత లేదు, పెళ్లయిన పిల్లకు చైత్రంలో పుట్టింటికి వచ్చే వీలు లేదు. ఒక్క రామతులసి మేనత్త పుణ్యవతి మాత్రం ఊళ్లోనే మెట్టింది కాబట్టి ఏళ్ల తరబడి చేట ఆవిడదే. తల్లి చిన్నప్పుడే పోయిన రామతులసిని పెంచింది ఆవిడే. గట్టు మీద మేనత్త పక్కన నిలబడి, ఆవిడ తల వంచుకుని నేల చూస్తూంటే, పిల్లగా రామతులసి నోరు తెరుచుకుని ఆకాశం చూసేది.

అత్తారింట్లో మాత్రం ఆమె ఎప్పుడూ "పక్షుల్ని చూడాలి" అనలేదు. ఇరవై రెండేళ్ల కోడలు పక్షుల కోసం పుట్టింటికి వెళ్తానంటే నవ్విపోతారు. "సారె పట్టాలి" అనేది. హక్కుకు మర్యాద ఉంది. వేడుకకు ఏముంది?

"అత్తా, ఈపాలి ఓ వారం ఎల్లొస్తాను. ఆడపడుచుని, సారె పట్టాల."

"ఎల్లమ్మీ, ఎవులొద్దన్నారు?" అనేది సూర్యకాంతమ్మ, పిక్కలు గంపలోకి విసురుతూ. "పండు గంపలకెక్కనీ. మర్నాడే ఎల్దువుగాని."

పండు గంపలకెక్కేసరికి వైశాఖం సగం గడిచేది. రామతులసి జ్యేష్ఠంలో వెళ్లేది. అప్పటికి బీల ఎండి నెర్రెలు విచ్చి, నత్తగుల్లలు తెల్లగా మెరుస్తూ ఉండేది. గట్టు మీద నిలబడి ఆ బీటల్ని చూసి వచ్చేది. తొంభైల నడుమ కొరాపుట్ నుంచి రాయగడకు రైలు పడింది. లక్ష్మీపూర్‌కు తుంగపేట దగ్గరైంది. వసంతం మాత్రం దగ్గర కాలేదు.

ఇంటి దగ్గర ఆమెకు మిగిలింది మేడ. సాయంత్రం పండు తిరగేసే వేళకు ఒక్కో రోజు గీతలు గీసినట్టు పెద్ద పక్షులు తల మీదుగా పోయేవి. కాం కాం మని మాట్లాడుకుంటూ పోయేవి. మొదటి ఏడాది వాటిని చూసి రామతులసి చేతిలో చేట కింద పడేసింది.

పనికొచ్చే ఆడవాళ్లలో పెద్దది కస్తూరి. పక్కనున్న కొండ ఊరి మనిషి. సంతల్లో నేర్చిన తెలుగు.

"ఏటి సావుకారమ్మా, మీ ఊరియేటి అవి?"

"మా బీలవే అయ్యుంటాయి."

"నాయి, నాయి," అంది కస్తూరి తల అడ్డంగా తిప్పి. "అవి కొలాబు డ్యాంవి. సూడు, పొద్దుగుంకే దిక్కునుంచి వత్తన్నాయి. మీ ఊరు పొద్దుపొడిసే దిక్కు కాదేటి?"

నిజమే. తుంగపేట తూర్పున ఉంది. ఇవి పడమటి నుంచి వస్తున్నాయి. పైగా ఇవి బాతులు కావు, వాటి కంటే పెద్దవి. ఒక్క నిమిషంలో తేలిపోయిన ఈ సంగతిని ఒప్పుకోవడానికి రామతులసికి ఆ రాత్రంతా పట్టింది. మర్నాటి నుంచి, తనవి కావని తెలిసే, పరాయి ఊరి పెళ్లి ఊరేగింపును గుమ్మంలో నిలబడి చూసినట్టు చూసేది. ఊరేగింపు ఎవరిదైనా మేళం మేళమే. కానీ అది వెళ్లిపోయాక గుమ్మం మరీ బోసిపోతుంది.

ఇలా పన్నెండు వసంతాలు గడిచాయి. కూతురు విజయదుర్గ పుట్టి బడికి వెళ్లే ఈడుకు వచ్చింది. 

రెండువేల మూడులో చింత కాయలేదు. ముందటి ఏడు పూత మీద వడగళ్లు పడ్డాయి. సంతకు దిగే కావిళ్లలో పండు అడుగున ఉండి, పైన చింతచిగురు ఉండేది. ఢిల్లీశ్వరరావు ఖాళీ గంపల మధ్య కుర్చీ వేసుకుని, ఎవరు పలకరించినా "ఏటి సెప్పమంటావు" అనేవాడు. సూర్యకాంతమ్మ వెంకన్నకు మొక్కుకుంది. ఇంట్లో అందరూ దిగులుగా ఉన్న ఆ పది రోజుల్లో రామతులసి మొహం మాత్రం పొద్దున్నే నీళ్లు జల్లిన ముంగిలిలా ఉంది. దాచుకోవాలని చూసింది కానీ, సంతోషం దాగే చోటు మొహంలో ఉండదు.

"పంట పోనాదని ఊరంతా ఏడుస్తంటే నువ్వు ముసిముసి నవ్వులేటమ్మీ?" అంది సూర్యకాంతమ్మ.

"నేను నవ్వలేదత్తా."

"నవ్వలేదా? అద్దంలో సూసుకో. పోనీలే, ఎల్లు. ఇక్కడుండి మాత్రం ఏటి ఒలుస్తావు, మా తోలా?"

కస్తూరి పెరటి గుమ్మం దగ్గర నిలబడి ఉంది, పని దొరుకుతుందేమోనని వచ్చి. అంతా విని ఒక్క మాటే అంది. "సెట్టు కాయకపోతే మీకు సెలవు, మాకు పస్తు. ఎల్లిరా సావుకారమ్మా."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉన్నట్టయితే రామతులసి ఏదో ఒకటి జవాబు చెప్పి ఉండేది. లేదు కాబట్టి, రెండు మానికల బియ్యం కస్తూరి కొంగులో పోసి, మొహం చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. 

రాయగడ దాకా భర్త వచ్చి రైలెక్కించాడు. విజయదుర్గకు పరీక్షలని నాయనమ్మ దగ్గర ఉంచారు. 

తుంగపేటలో అన్నయ్య భీమారావు ఇంటి ముందు రిక్షా దిగి, కాళ్లు కడుక్కోకుండానే రామతులసి అడిగిన మొదటి మాట: "పక్షులున్నాయా?"

"ఉన్నాయి, ఉన్నాయి. నీకోసమే ఆగేయి," అంది వదిన నీలవేణి నవ్వుతూ. కానీ ఆ నవ్వు చివర కొంచెం ముడిపడింది.

ఎందుకో భోజనాల దగ్గర తెలిసింది. పుణ్యవతి భర్త పోయి తొమ్మిదేళ్లయింది. ఆ ఏటితో ఆవిడ చేట పట్టే అర్హత పోయింది. ముత్తయిదువ ఆడపడుచు ఊళ్లో ఒక్కరూ లేకపోయేసరికి పెద్దలు తర్జనభర్జన పడి, షావుకారి ఇంటి పెద్దకోడలు నీలవేణి చేత పట్టించారు. నియమం నియమమే కానీ, చేట ఆగకూడదు కదా అన్నారు. మామ పోయిన సంగతి తెలుసు గానీ, చేట వదిన చేతికి వెళ్లిన సంగతి ఇన్నాళ్లూ రామతులసికి ఎవరూ చెప్పలేదు. చెబితే బాధపడుతుందని.

"నీ హక్కు నీదే తులసీ," అంది నీలవేణి, మజ్జిగ పోస్తూ. "నేను అట్టేపెట్టేనంతే. ఈ ఏడు నువ్వే పట్టు."

"అలగేటి వదినా, తొమ్మిదేళ్లు నువ్వు పట్టేవు. ఎలగుంటాదేటి?"

"ఎలగుంటాది? గట్టు మీద మట్టి ఎలగుంటాదో అడుగు, సెప్తాను. ఏ గడ్డిదుబ్బెక్కడుందో, ఏ పీత కన్నమెక్కడుందో తెలుసు." నీలవేణి గిన్నె కింద పెట్టింది. "సప్పుడు వినడమే. పెళ్లయి వచ్చి పదేళ్ల దాకా పురుడని, పుణ్యమని, ఇంటి పనని, గట్టు మీదికి పంపనేదు. పంపిన కాణ్ణుంచీ సేతిలో సేట పెట్టేరు. పక్షులు లేవడం నేనెప్పుడూ సూడనేదు తులసీ."

రామతులసి మజ్జిగన్నం కలుపుకుంటూ లెక్క చూసుకుంది. పన్నెండేళ్లుగా సారె, సారె అని తను అడిగింది తల వంచుకుని నిలబడటానికా? చేట పడితే చూడటం లేదు. పట్టకపోతే చూడొచ్చు, కానీ అప్పుడు వదిన ఇంకో ఏడు పీత కన్నాలు లెక్కపెట్టుకోవాలి.

భీమారావు కొడుకు సుమంత్ బరంపురంలో డిగ్రీ చదువుతున్నాడు. సెలవలకొచ్చాడు. ఆ శీతాకాలం కాలేజీ వాళ్లతో చిల్కాకు పక్షుల లెక్కకు వెళ్లొచ్చినప్పటినుంచి ఊరివాళ్లను దిద్దడం వాడికి అలవాటైంది.

"అత్తా, అసలు మనోళ్లది తప్పు. ఈ బాతులు ఇక్కడ గుడ్లు పెట్టవు. ఎప్పుడైనా గూడు సూసేవా? పిల్లని సూసేవా?"

రామతులసి ఆలోచించింది. చూడలేదు. ఊళ్లో ఎవరూ చూసినట్టు గుర్తులేదు. 

"ఇక్కడికి తిండికొస్తాయి, అక్కడ మంచు పడతాదని. గుడ్లు పెట్టేదీ పిల్లల్ని సేసేదీ ఉత్తరాదినే. అవి పుట్టిందీ అక్కడే."

"ఐతే కన్నోరిల్లు అదా?"

"అదే."

"మరి ఇది?"

"ఇదేటి... అత్తోరిల్లు," అన్నాడు సుమంత్, తన శాస్త్రం ఇలా తిరుగుతుందని అనుకోక. భీమారావు పొలమారేలా నవ్వాడు. పుణ్యవతి మాత్రం "బరంపురం పంపితే ఇదేటి నేర్సుకొచ్చేడు" అని లేచిపోయింది. 

నాలుగు సాయంత్రాలు గట్టు మీదికి వెళ్లారు. నాలుగు సాయంత్రాలూ బాతులు లేచి, చుట్టు తిరిగి, మళ్లీ నీళ్లలోకి జారాయి. నీలవేణి రోజూ కొత్తగా చలిమిడి చేసింది, ఇంటిల్లిపాదీ రోజూ దాన్నే తిన్నారు. అయిదో నాడు పొద్దున్న కిళ్లీ కొట్టువాడు కబురు తెచ్చాడు, లక్ష్మీపూర్ నుంచి ఫోనని.

"బోరిగుమ్మ సంతలో కొంచెం కాయ దొరికింది," అన్నాడు ఢిల్లీశ్వరరావు అటునుంచి, గొంతులో ప్రాణం లేచొచ్చి. "రేపు లారీ దిగుతాది. అమ్మ ఒక్కర్తీ సెయ్యలేదు. ఇవాళే బయల్దేరు."

రామతులసి కొట్టు తడికె సందులోంచి బీల వైపు చూసింది. నీళ్ల మీద నల్లటి చాప పరిచినట్టే ఉన్నాయి.

"మేనత్తకి బాగోనేదండి. మంచం దిగనేదు. రెండ్రోజులు సూసి వచ్చెస్తాను."

"అయ్యో. ఏటయిందేటి?"

"నడుం," అంది రామతులసి.

ఆ మాట అంటూండగానే మేనత్త, తలమీద మోపు పుల్లలతో, కొట్టు ముందు నుంచి చకచకా నడిచిపోయింది. కిళ్లీ కొట్టువాడు నోట్లో వక్క అటుది ఇటు తిప్పి, ఏమీ విననట్టు అటు తిరిగాడు. 

ఆ సాయంత్రం గాలి మారింది. సముద్రం వైపు నుంచి వెచ్చగా, ఎడతెగకుండా, తుంగను ఒక్క దిక్కుకే వంచుతూ కొట్టింది. గట్టు మీద పదిమంది ఆడవాళ్లు చేరారు. నీలవేణి చేటను రామతులసి ముందుకు చాచింది. చాచింది గానీ వేళ్లు వెంటనే వదల్లేదు.

"పట్టు తులసీ."

రామతులసి పట్టుకుంది. తల వంచింది. నేల మీద నిజంగానే పీత కన్నం ఉంది, దాని చుట్టూ తడిమట్టి ఉండలు. బొటనవేలు పక్కన ఎండిన నత్తగుల్ల. ఇవి చూడటానికా, అత్తగారి చేత మాటలు పడి, మొగుడికి అబద్ధం చెప్పి, చింతచెట్టు కాయలేదని లోలోపల మురిసిపోయి వచ్చింది?

అప్పుడు లేచాయి. ముందు చప్పుడు. వెయ్యిమంది ఒక్కసారి చేటలు చెరిగినట్టు. ఆ చప్పుడు నీళ్ల మీంచి గట్టుకు, గట్టు మీంచి కాళ్లలోకి వచ్చింది. చేటలో పేలాలు అదిరాయి.

రామతులసి తల ఎత్తేసింది.

ఆకాశం సగం లేదు. బాతులు మెలికలు తిరిగే తాళ్లలా లేచి, బీల మీద ఒక చుట్టు చుట్టి, ఇంకో చుట్టు చుట్టి, పొద్దు వెలుగు పొట్టల మీద పడ్డప్పుడు తెల్లగా, రెక్క తిప్పినప్పుడు నల్లగా, మళ్లీ తెల్లగా మారాయి. ఒడ్డు వెంబడి ఉత్తరానికి ఒక కొస సాగింది. ఆ కొస వెనక మిగతావి నూలు పేనినట్టు చేరుకున్నాయి. చిన్నప్పుడు చూసినన్ని లేవు. అది కూడా చూసింది. అయినా మెడ నొప్పి పుట్టేదాకా చూసింది.

"తలెత్తేసేవేటే అమ్మీ!" పుణ్యవతి వెనకనుంచి కేకేసింది. "మళ్లీ ఏడు అవి రాకపోతే?"

"అత్తోరింటికి పంపినప్పుడు కదేటి తలొంచుకునేది?" అంది రామతులసి, కళ్లు దించకుండానే. "అవి కన్నోరింటికి పోతన్నాయత్తా. కన్నోరింటికెల్లే ఆడపిల్ల మొహం సూడకుండా పంపుతారేటి?"

"ఆ గుంటడి మాటలు పట్టుకుని..."

"మరి మన మాటలు పట్టుకునే కదా ఇన్నాళ్లూ నేల సూసేము."

పక్కన నీలవేణి చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని పైకే చూస్తోంది. ఆమెది పక్షుల కోసం తిరిగే అలవాటు లేని మెడ. ఎక్కడ చూడాలో తెలియక ఒకసారి ముందుకీ ఒకసారి వెనక్కీ తిప్పుతోంది. రామతులసి ఒక చేత్తో చేట నడుముకు ఆనించుకుని, రెండో చేత్తో వదిన గడ్డం పట్టి ఉత్తరానికి తిప్పింది.

అన్నీ కనుమరుగయ్యాక పేలాలు జల్లారు. లేవకుండా మిగిలిన నీటికోళ్లు పరుగెత్తుకొచ్చి వాటిని తినేశాయి.

"నేనూ ముప్పయ్యేళ్లు పట్టేను సేట," అంది పుణ్యవతి, దారిలో, ఎవరితోనూ కాకుండా. "మీ మామ పోయాకే, నాకు సేట పనికిరాదన్నాకే, ఎనకాల నిలబడి పక్షుల్ని సూసేను. ఆ ఏడు ఎంత ఏడిసేనో. అందరూ మొగుడి కోసమనుకున్నారు." కొంత దూరం నడిచాక మళ్లీ అంది. "కన్నోరింటికెల్లేదానికి సలిమిడెందుకూ మరి? దండగ." 

మర్నాడు రామతులసి బయల్దేరింది. చూస్తే తీరుతుందనుకుంది. పన్నెండేళ్లు మోసిన బరువు దింపి, చేతులు ఊపుకుంటూ ఇంటికి పోవచ్చనుకుంది. రైలు పార్వతీపురం దాటి కొండల్లోకి ఎక్కుతూంటే తెలిసింది, బరువు రెట్టింపైందని. ఇన్నాళ్లూ చిన్నపిల్ల కళ్లతో చూసిన, అంచులు చెరిగిన జ్ఞాపకం కోసం అలమటించింది. ఇప్పుడు నిన్నటి సాయంత్రం కోసం. ఆ తెలుపూ నలుపూ, వదిన గడ్డం కింద ఎగిరెగిరిపడ్డ నరం, కాళ్లలోకి వచ్చిన ఆ చప్పుడు. కొత్త కత్తి కదా, పదును ఎక్కువ.

రాయగడ దాటాక పట్టాల పక్కన చింతచెట్లు మొదలయ్యాయి. లేత చిగురు వేసి, ఎండలో ఎర్రగా ఉన్నాయి. ఇంకో రెండు నెలల్లో పూత పట్టే కొమ్మలు. ఆ పూత నిలిస్తే తన ఇంటి గంపలు నిండుతాయి. మొగుడు కుర్చీ లోంచి లేస్తాడు. కస్తూరికీ, దానిలాంటి ఇరవైమందికీ రెండు నెలల కూలి దొరుకుతుంది. ఈ లెక్క ఆ ఇంటికోడలికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ పూత రాలితేనే తనకు ఇంకో చైత్రం అన్న లెక్కా అంతే. 

రామతులసి కిటికీ చువ్వలకు నుదురు ఆనించి, ఒక్కో చెట్టునూ పోతున్నకొద్దీ చూస్తూ కూర్చుంది. నిండుగా ఉండమని దీవించడానికి నోరు రాలేదు. ఇంకో మాట, చెడ్డ మాట, నోటి దాకా వచ్చింది. దాన్ని పైకి అనలేదు. మింగనూ లేదు. లక్ష్మీపూర్ స్టేషన్ వచ్చేదాకా నాలుక కింద అలాగే ఉంచుకుంది.